కార్జం కోసి చూస్తే: జలగలు, నీటి తిత్తులు, డెల్టా పశువులు

మాంసం కొట్లో కార్జం మీద తెల్లటి గీతలో, నీటి బుడగో కనిపిస్తే ఆ ముక్క కోసి బల్ల కింద కాచుకున్న కుక్కకు విసిరేయడం మామూలే. మిగతాది తూకానికి వెళ్లిపోతుంది. కానీ గోదావరి డెల్టాలో గొర్రె, మేక, గేదె కార్జాల్లో కనిపించే పురుగులన్నీ ఒక దారిన వచ్చేవి కావు. జలగది (రక్తం పీల్చే నీటి జలగ కాదు, కార్జంలో బతికే ఆకులాంటి చదును పురుగు) నీటి దారి, మధ్యలో నత్త ఉంటుంది. నీటి తిత్తిది కుక్క దారి. జలగ ఉన్న ముక్క తిన్న కుక్కకు ఏమీ కాదు. తిత్తి ఉన్న ముక్క తింటే మాత్రం రెండు నెలలు తిరక్కుండానే ఆ కుక్క వీధిలో మనుషులకు ప్రమాదంగా మారుతుంది. అందుకే ఏది ఏదన్నది కత్తి దగ్గరే తేలిపోవాలి.

కార్జాన్ని వెంటనే కోయకూడదు. ముందు రెండు వైపులా చూడాలి. ఆరోగ్యంగా ఉన్న కార్జం అంచులు పల్చగా, పదునుగా ఉంటాయి. జలగ పాతబడితే అంచులు మొద్దుబారతాయి, ఎడమవైపు తమ్మె (కార్జపు భాగం) కుంచించుకుపోయి గట్టిపడుతుంది, పైపొర గరుకుగా తెల్లబారుతుంది. తర్వాత బొటనవేలితో అంతటా నొక్కుతూ పోవాలి, లోపల గడ్డలుంటే వేలికి తగులుతాయి. చేదు తిత్తి (పిత్తాశయం) ఆనుకున్న చోట పచ్చగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. కోసిన కాసేపటికి పైత్యం ఊరి అంటే రంగు అది.

ఇక కత్తి. కార్జం వెనకవైపు, అంటే పొట్టకు ఆనుకునే వైపు, పైత్యపు గొట్టాలు కలిసే చోట అడ్డంగా ఒక కోత పెట్టాలి. చిన్న తమ్మె మొదట్లో ఇంకో కోత. రెండింటి పక్కనా బొటనవేళ్లతో కోత వైపుకు పిండాలి. జలగ ఉంటే గొట్టంలోంచి మట్టిరంగు పైత్యంతో పాటు బయటికి జారుతుంది, చుట్టుకుని ఉన్నది వేడి తగలగానే మెల్లగా విప్పుకుంటుంది. మన మైదానాల్లో ఉండేది ఫాసియోలా జైగాంటికా. వేపాకు రెబ్బలా సన్నగా పొడవుగా, 25 నుంచి 75 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చల్లటి ప్రాంతాల్లో ఉండే ఫాసియోలా హెపాటికా దానికన్నా పొట్టి, భుజాలు వెడల్పు. పాత పుస్తకాల్లోని బొమ్మలు చాలావరకు దానివే, వాటితో పోల్చి చూస్తే మన జలగ వేరేదేమో అనిపిస్తుంది.

ఆవు జాతి కార్జంలో గొట్టాల గోడల్లో సున్నం పేరుకుంటుంది. కత్తి దిగుతుంటే ఇసుక మీద గీసినట్టు గరగరమంటుంది, గొట్టం కోసినా నోరు తెరుచుకుని అలాగే నిలబడుతుంది. గొర్రె, మేకల్లో గోడ మందమవుతుంది కానీ సున్నం మామూలుగా పట్టదు. కాబట్టి మేక కార్జంలో గరగర లేదని జలగ లేదనుకోకూడదు, పిండి చూడాల్సిందే.

గేదె కార్జంలో ఇంకో రకం తగులుతుంది. పైత్యపు గొట్టం లోపలి గోడకు గులాబీ రంగులో, మందంగా, సెంటీమీటరు లోపు పొడవున్న పురుగులు గుంపుగా అతుక్కుని ఉంటాయి. లాగితే ఊడిరావు, ఊడిన చోట చిన్న బొడిపె మిగులుతుంది. ఇవి పొట్ట జలగలకు దగ్గరి జాతి, పేరు జైగాంటోకోటైల్ ఎక్స్‌ప్లానేటమ్. ఆకు జలగకిచ్చే మందులన్నీ దీనిమీద ఒకేలా పనిచేయవు. అందుకే ‘కార్జంలో పురుగులున్నాయి’ అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా ఏ ఆకారంలో ఉన్నాయో డాక్టరుకు చెప్పాలి. నాలుగు పురుగుల్ని చిన్న సీసాలో వేసి పట్టుకెళ్తే ఇంకా మంచిది.

గొర్రె హఠాత్తుగా చనిపోయినప్పుడు కార్జం పూర్తిగా వేరేలా కనిపిస్తుంది. పొట్ట కోయగానే రక్తం కలిసిన నీళ్లు వస్తాయి. కార్జం ఉబ్బి, ముట్టుకుంటే చితికిపోయేలా ఉండి, పైన నల్లటి సన్నటి సొరంగాల గీతలు కనిపిస్తాయి. గొట్టాలు కోసి చూస్తే ఒక్క జలగా ఉండదు, దాంతో ‘ఇది జలగ కాదు’ అనేస్తారు. అసలు సంగతేమిటంటే పిల్ల జలగలు ఇంకా గొట్టాల దాకా చేరలేదు, కార్జపు కండను తొలుచుకుంటూ తిరుగుతున్నాయి. అనుమానం తీరాలంటే కార్జాన్ని వేలెడు మందాన ముక్కలు కోసి, గోరువెచ్చటి నీళ్లలో గంటసేపు నానబెట్టి, చేత్తో బాగా పిసికి, ముక్కలు తీసేసి నీళ్లను సన్నటి జల్లెడలో పోయాలి. కొన్ని మిల్లీమీటర్ల పొడవున్న లేతవి జల్లెడలో మిగులుతాయి. నల్లటి బల్ల మీదో, నల్లటి పళ్లెంలోనో చూస్తే సులువుగా కనబడతాయి.

ఈ పిల్ల జలగలు ఎక్కణ్నుంచి వచ్చాయంటే కాలువ గట్టు నుంచే. పేడలో పడిన గుడ్డు తడిలో ఉంటే రెండు మూడు వారాల్లో పొదుగుతుంది. అందులోంచి వచ్చిన పిల్లకు ఒక రోజులోపు నత్త దొరకాలి, లేకపోతే చస్తుంది. నత్తలో దూరాక రెండు నెలల అటూఇటూలో ఒక్కటి కాస్తా వందలవుతుంది. తోకలున్న పిల్లలు నీళ్లలోకి వచ్చి గడ్డి కాడలకు, వరి దుబ్బు మొదళ్లకు, కొంతవరకు నీటి పైపొరకు అంటుకుని తోక వదిలేసి గట్టి గూడు కట్టుకుంటాయి. పశువు ఆ గడ్డి మేస్తే పేగు చీల్చుకుని, పొట్ట ఖాళీలోంచి కార్జం పైపొర దాటి లోపలికి వెళ్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు కండలో తిరిగాక గొట్టాల్లో స్థిరపడతాయి. మేసిన నాటి నుంచి పేడలో గుడ్లు కనిపించేసరికి జైగాంటికాకు మూడు నెలలు దాటుతుంది. ఈ మూడు నెలల లెక్క గుర్తుంటే మందు సంగతి సగం తెలిసినట్టే.

నత్తలన్నీ దోషులు కావు. చెరువుల్లో దొరికే, కూర వండుకునే పెద్ద గుండ్రటి నత్తకూ దీనికీ సంబంధం లేదు. జలగను మోసేది లిమ్నియా జాతి నత్త. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు ఉంటుంది, గుల్ల పల్చన, గోధుమరంగు, వేలితో నొక్కితే పగిలిపోతుంది. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే ఆ నోరు కుడివైపు ఉంటుంది. పళ్లెంలా చదునుగా చుట్టుకుని ఉండేది ఇండోప్లానార్బిస్. అది పొట్ట జలగలనూ, పశువుల రక్తనాళాల్లో ఉండే షిస్టోసోమా పురుగులనూ మోస్తుంది. ఊడ్పుల వేళ మడిలో దిగినవాళ్ల కాళ్లకు పట్టే దురదకు చాలాసార్లు కారణం ఈ షిస్టోసోమా పిల్లలే. అందుకే నత్తలు ఏరేటప్పుడు చేతికి తొడుగు ఉండాలి. బోదెలో ఏరిన లిమ్నియా నత్తల్ని గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి వేసి, వెలుతురులో కొన్ని గంటలు ఉంచితే, జబ్బు మోస్తున్న నత్త నుంచి తోకాడిస్తూ ఈదే చుక్కలు బయటికి వస్తాయి. మర్నాటికి గ్లాసు గోడకు తెల్లటి రేణువులు అంటుకుని ఉంటాయి. గడ్డి మీద పశువు మేసేది వీటినే. ఈ గ్లాసును చూపిస్తే ఉపన్యాసంతో పనిలేదు. చూశాక గ్లాసులో మరిగే నీళ్లు పోసేయాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ నేలకు సార్వా (ఖరీఫ్), దాళ్వా (రబీ) రెండు పంటల తడి ఉంది. వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాలే ఎండు. అప్పుడు కూడా నత్త బురదలోకి దిగి గుల్ల మూసుకుని బతికేస్తుంది. జూన్‌లో నీళ్లు వదిలాక లేచి గుడ్లు పెడుతుంది. అదే సమయంలో గట్టు మీద పేడ కాలువలోకి కొట్టుకొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి గడ్డి మీద గూళ్లు పేరుకోవడం మొదలవుతుంది. నవంబరు, డిసెంబరుల్లో సార్వా కోసిన చేలల్లో తడి మోళ్ల మీదికి పశువుల్ని తోలినప్పుడు, డ్రెయిన్ల అంచున గొర్రెలు దిగినప్పుడు జలగ ఎక్కువగా ఎక్కుతుంది. గొర్రెల్లో ఆ వెంటనే చావులు. గేదెల్లో నష్టం నెమ్మదిగా తెలుస్తుంది: జనవరి తర్వాత పాలు తగ్గడం, కంటి రెప్ప లోపలి పొర తెల్లబడటం, ఆగి ఆగి పారుడు, దవడ కింద నీరు దిగడం. ఆ నీరు సాయంత్రం మేసి వచ్చినప్పుడు ఎక్కువగా, పొద్దున్నే తక్కువగా ఉంటుంది. తల రోజంతా కిందికి వంచి మేయడమే కారణం, తగ్గిందని పొరబడొద్దు.

మందుల విషయంలో జరిగే పెద్ద తప్పు కాలానికి తగని మందు ఇవ్వడం. ఆక్సిక్లోజనైడ్ గొట్టాల్లో ఉన్న పెద్ద జలగల్ని చంపుతుంది, కండలో తిరిగే పిల్లల్ని కాదు. ఆల్బెండజోల్ కూడా పెద్దవాటి మీదే, అదీ పశువుకు కిలోకు 10 మిల్లీగ్రాముల మోతాదులో. చూడి మొదటి నెలలో దాన్ని వాడకూడదు. నవంబరులో ఆక్సిక్లోజనైడ్ పట్టించి, జనవరిలో కార్జం కోస్తే జలగలు కనిపించాయని ‘మందు కల్తీ’ అంటారు. కల్తీ కాకపోవచ్చు, నవంబరులో పిల్లలుగా తప్పించుకున్నవే జనవరికి పెద్దవయ్యాయి. పెద్దవాటి మందు వాడితే ఎనిమిది నుంచి పది వారాలకు మళ్లీ ఇవ్వాలి. పిల్ల జలగల మీద గట్టిగా పనిచేసేది ట్రైక్లాబెండజోల్, గొర్రెకు కిలోకు 10, గేదెకు 12 మిల్లీగ్రాములు. పాలలోనూ మాంసంలోనూ చాలా కాలం నిలుస్తుంది కాబట్టి పాలిచ్చే గేదెకు కాకుండా వట్టిపోయిన కాలంలో, డాక్టరు చెబితేనే వాడాలి. ఐవర్‌మెక్టిన్ సూది జలగను ఏమీ చేయదు. పేలు, గోమార్లు పోయి పశువు నిగనిగలాడుతుంది గనక జలగ కూడా పోయిందనుకుంటారు, అంతే.

ఏడాదికి రెండుసార్లే ఇవ్వగలిగితే నా లెక్క ఇది. కాలువలకు నీళ్లు వదిలేముందు మే నెలలో ఒకటి, తొలి తడికి పేడలో గుడ్లు పడకుండా. సార్వా కోతల తర్వాత ఒకటి. గొర్రెలకు ఆ రెండోది పిల్ల జలగల్ని కూడా చంపే మందే అయ్యుండాలి. గేదెకు ఆక్సిక్లోజనైడే వాడేటట్టయితే డిసెంబరు కంటే ఫిబ్రవరి మొదట్లో ఇవ్వడం మేలు, అప్పటికి చాలావరకు గొట్టాల్లోకి వచ్చేస్తాయి.

మోతాదు తగ్గిపోవడం రెండో తప్పు. గేదె బరువు కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే చెబుతాం. టేపు పెట్టాలి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతా, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవూ అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే సుమారు కిలోలు వస్తాయి. చుట్టుకొలత 76, పొడవు 56 అయితే 490 కిలోలు. కిలోకు 10 మిల్లీగ్రాముల చొప్పున 4.9 గ్రాముల ఆక్సిక్లోజనైడ్ కావాలి. 3.4 శాతం ద్రవంలో మిల్లీలీటరుకు 34 మిల్లీగ్రాములుంటుంది, అంటే 144 మిల్లీలీటర్లు. 90 మిల్లీలీటర్ల సీసా ఒకటి పట్టించి వచ్చేస్తే మోతాదు మూడింట రెండు వంతులు కూడా దాటలేదు. చావని జలగలు మందుకు అలవాటు పడతాయి. పట్టించేటప్పుడు మూతిని వీపు మట్టం కంటే పైకెత్తొద్దు, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి దిగితే జలగ కన్నా ముందు న్యుమోనియా చంపుతుంది. ఒకటి రెండు రోజులు పారుడు ఉండొచ్చు. ఇంకో జలగ మందు క్లోసాంటెల్ వాడేవాళ్లు గొర్రె, మేకల బరువు ఇంకా జాగ్రత్తగా కట్టాలి. మోతాదు మించితే చూపు పోతుంది, తిరిగి రాదు. పాలకూ కోతకూ ఎన్నాళ్లు ఆగాలో సీసా మీద ఉంటుంది, అది చదవకుండా కొట్టుకు తోలకూడదు.

పేడ పరీక్ష చేయించాలంటే గుడ్డు బరువైనదన్న సంగతి గుర్తుండాలి. మామూలు పొట్టపురుగుల గుడ్లు ఉప్పునీళ్లలో తేలతాయి, జలగ గుడ్డు తేలదు. మూడు గ్రాముల పేడను 50 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, టీ వడబోతలో వడకట్టి, ఐదు నిమిషాలు ఆగి, పై నీళ్లు మెల్లగా ఒంపేసి, మళ్లీ నీళ్లు పోసి, తేటపడేదాకా రెండు మూడుసార్లు ఇలాగే చేయాలి. అడుగున మిగిలిన దానిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ వేస్తే నీలిరంగు మధ్య జలగ గుడ్డు బంగారు పసుపుగా మెరుస్తుంది. పొట్ట జలగ గుడ్డు అంతే పెద్దది, కానీ రంగు ఉండదు. ఒక గేదెలో కనిపించలేదంటే లేదని కాదు, గుడ్లు పైత్యంతో పాటు ఆగి ఆగి దిగుతాయి. మందలో ఐదారింటివి పట్టుకెళ్లాలి. కోసిన పశువుదైతే చేదు తిత్తిలోని పైత్యాన్ని ఇలాగే పేరబెట్టి చూస్తే ఇంకా తేలిక. ఆ పైత్యాన్ని డ్రెయిన్‌లో పారబోయడం మాత్రం తగదు, వేల గుడ్లను నత్తల ఇంటికి పంపినట్టే.

నత్తల్ని మందు కొట్టి చంపుదామంటే డెల్టాలో కుదిరే పని కాదు. మైలుతుత్తమైనా నిక్లోసమైడ్ అయినా చేపల్ని కూడా చంపుతుంది, బోదె నీళ్లు పక్క చెరువులోకే పోతాయి. కోతల తర్వాత చేలల్లో తిరిగే బాతుల మందలు నత్తల్ని బాగా తింటాయి. ఇండోనేసియాలో ఇంకో కిటుకు పరీక్షించారు: బాతుల పెంటను పశువుల పేడతో కలిపి మడిలోకి నీళ్లొచ్చే మొగ దగ్గర వేస్తే, బాతుల్లో ఉండే వేరే జాతి పురుగు పిల్లలు నత్తలో దూరి జలగ పిల్లల్ని తినేస్తాయి. మన దగ్గర బాతులూ ఉన్నాయి, పేడా ఉంది, ప్రయత్నించదగ్గదే. మేత సంగతి చెప్పాలంటే, గూళ్లు కాడ మొదట్లోనే ఉంటాయి. గట్టు గడ్డి కోసేటప్పుడు నీటిమట్టానికి జానెడు పైన కోయాలి. పచ్చి వరిగడ్డి వేసేటట్టయితే మొదలు వైపు మూడో వంతు కోసి పక్కన పెట్టాలి, లేదా మూడు రోజులు గట్టి ఎండలో ఆరబెట్టాలి. బాగా ఎండిన వామి గడ్డితో భయం తక్కువ.

‘కార్జంలో జలగలున్నాయండీ, తింటే మనకొస్తాయా?’ అని అడుగుతారు. ఉడికిన కార్జం నుంచి జలగ రాదు. మనిషికి వచ్చేది నీటి అంచున పెరిగిన ఆకుకూర పచ్చిగా తిన్నప్పుడు, ఆ నీళ్లు తాగినప్పుడు. తూటికూర లాంటివి కడిగితే గూళ్లు పోవు, ఉడికించాలి. ఒకటి రెండు గొట్టాల్లోనే ఉంటే ఆ భాగం కోసేసి మిగతాది వాడొచ్చు. కార్జమంతా గట్టిపడితే మొత్తం తీసేయాలి. పశువు బక్కచిక్కి కండల్లో నీరు పట్టి ఉంటే మాంసం సంగతి డాక్టరు తేల్చాలి.

ఇక తిత్తులు. గొర్రె, మేక కార్జం అంచునో, పేగుల మీది కొవ్వు పొరకో పల్చటి తోలుతో నీటి తిత్తి వేలాడుతూ ఉండి, లోపల ఒకే ఒక్క తెల్లటి చుక్క కనిపిస్తే అది సిస్టిసెర్కస్ టెన్యూకోల్లిస్. మనిషికి రాదు. కార్జంలోనో ఊపిరితిత్తుల్లోనో సగం పాతుకుని, మందంగా తెల్లటి గోడతో, నొక్కితే గట్టిగా బిగిసి ఉంటే హైడాటిడ్ (కుక్క ద్వారా మనిషికి ప్రమాదమయ్యే తిత్తి) అనుకోవాలి. లోపల తేట నీరు, అడుగున ఇసుక రేణువుల్లాంటివి. ఆ రేణువుల్లో ప్రతిదీ కుక్క పేగులో ఒక పురుగు కాగలదు. గేదెల్లో కార్జం కన్నా ఊపిరితిత్తుల్లో ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటిని చూడకుండా వదలొద్దు. చూడటానికని చిదపొద్దు, కోయొద్దు. అనుమానమున్న ప్రతి తిత్తినీ హైడాటిడ్‌గానే లెక్కగట్టడం క్షేమం.

తిత్తి ఉన్న కార్జం తింటేనే ఈ జబ్బు వస్తుందని ఇక్కడో అపోహ ఉంది. ఆ తిత్తిని మనిషి తిన్నా జబ్బు రాదు. కుక్క తింటే దాని పేగులో ఎకినోకాకస్ గ్రాన్యులోసస్ పెరుగుతుంది, అర సెంటీమీటరు పొడవు పురుగు, ఆరేడు వారాలకు గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు కుక్క బొచ్చుకు, మట్టికి, పెరటి ఆకుకూరకు అంటి మనిషి నోట్లోకి వెళ్తే మన కార్జంలో అదే తిత్తి ఏళ్ల తరబడి పెరుగుతుంది. ఆపరేషన్‌లో అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. మాంసం ముట్టని ఇంట్లో వాళ్లకు కూడా ఈ జబ్బు రావడానికి కారణం అదే.

తీసేసిన అవయవాలను లోతుగా పాతిపెట్టమని పుస్తకాలు చెబుతాయి. లంకల్లోనూ సముద్రం వైపు మండలాల్లోనూ వానాకాలం నాలుగడుగులు తవ్వితే నీళ్లు ఊరుతాయి. నిస్సారంగా పాతితే ఆ రాత్రికే కుక్కలు తవ్వి తీస్తాయి. అక్కడ నమ్మదగ్గది ఉడికించడమే. పెద్ద డేగిసాలో మునిగేలా నీళ్లు పోసి, నీళ్లు మరగడం మొదలయ్యాక అరగంట ఉడికిస్తే తిత్తిలోని రేణువులు చస్తాయి. తర్వాత కుక్కకు వేసినా పర్వాలేదు. రోజూ కోత ఉండే చోట మెరక మీద సిమెంటు వరలు దింపి, అడుగు కాంక్రీటు చేసి, బరువైన మూత పెట్టి, వేసినప్పుడల్లా పైన సున్నం చల్లాలి. మూత లేని గొయ్యి కుక్కలకు కంచమే.

కొట్టు చుట్టూ తిరిగే కుక్కలకూ, మంద కాసే కుక్కలకూ ఆరు వారాలకోసారి ప్రాజిక్వాంటెల్ ఇవ్వాలి, కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 15 కిలోల కుక్కకు 75 మిల్లీగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటిన్నర, మాంసం ముద్దలో పెట్టి. ఈ మందు పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు. అందుకని మాత్ర ఇచ్చాక రెండు రోజులు కుక్కను కట్టేసి ఉంచి, ఆ రెండు రోజుల పెంటనూ చేతికి తొడుగు వేసుకుని ఎత్తి కాల్చేయాలి.